కొబ్బరిచెట్టు మీది ఫైబర్ లైను

మా లైన్‌మన్ గారు పోయారని ఇంటర్నెట్ ఆఫీసు వాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ పొద్దున్న నా డెమో క్లాసు చక్కగా అయిపోయింది. హమ్మయ్య అనుకుంటూ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఎలా పోయారో, ఎక్కడ పోయారో అందులో లేదు. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తి మా కొబ్బరిచెట్టు మొదట్లో చూశాను. అక్కడేమీ లేదు. ఆ చెట్టు ఎక్కమని ముందురోజు ఆయన్ని అడిగింది నేనే.

ఆయన ఒకప్పుడు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసిన మనిషి. మా ఊరికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చినప్పుడు కాలవ ఇవతల స్తంభాలు చాలక, తోటల్లో లైను చెట్లకే కట్టేశారు. కట్టినవాళ్లు బిర్రుగా లాగి కట్టారేమో, మొదటి గాలికే నాలుగు చోట్ల తెగింది. అప్పుడు ఈయన్ని పిలిచారు. ఈయన ప్రతి చెట్టు దగ్గరా మూరెడు వైరు చుట్టలా వదిలి కట్టేవారు.

“చెట్టన్నాక ఊగుద్దండి. దాని మానాన దాన్ని ఊగనివ్వాలి. వైరే సర్దుకోవాలండి” అనేవారు.

స్పీడు గురించి మాకు నిజం చెప్పింది ఆయనొక్కరే. కనెక్షన్ అమ్మడానికి వచ్చినవాళ్లు ఇంట్లో ఏ మూల కూర్చున్నా వంద ఎంబీ వస్తుందన్నారు. ఈయన అరుగు మీద కూర్చుని, అద్దం పగిలిన ఫోన్లో చూపిస్తూ నెమ్మదిగా చెప్పేరు. వంద ప్లానంటే రౌటరు పెట్టె నుంచి వైరు పెట్టి చూస్తే తొంభై పైన రావాలట. గోడవతల వైఫైకి నలభై వస్తే మంచిదేనట. సాయంత్రం ఊరంతా సినిమాలు పెడతారు కాబట్టి ఇంకాస్త తగ్గుతుందట. దుమ్ము పడుతుందని ఆ పెట్టెకి నేను కుట్టిన గుడ్డ తొడుగు చూసి, దీనికి చలేస్తందా టీచరు గారూ అని నవ్వారు.

ఆ ముందురోజు ముసురు, గాలి. మా చెట్టు మీద వైరు కట్టు జారి వేలాడుతోంది, స్పీడు మూడు దాటడం లేదు. తెల్లారితే తొమ్మిదికి డెమో క్లాసు. అది బాగా చెబితే ఇంటి నుంచే లెక్కలు చెప్పే ఉద్యోగం. గుండె పట్టేస్తోందని, డాక్టరు గారు చెట్లు ఎక్కొద్దన్నారని వారం కిందటే ఆయన నాతో అన్నారు. నాకు తెలుసు. తెలిసే ఫోన్ చేశాను.

“వాన తెరిపిచ్చేక చూద్దామండి” అన్నారు.

“ఈ ఒక్కసారికి, అన్నయ్య గారూ” అన్నాను.

“ఆయ్, పొద్దున్నే చూస్తానండి” అన్నారు.

పొద్దున్న లేచి చూస్తే తొంభై నాలుగు. ఆయన ఎప్పుడు వచ్చారు, ఎలా ఎక్కారు అని కూడా అనుకోలేదు. సంతోషంగా క్లాసుకు కూర్చున్నాను.

లైన్‌మన్ గారింట్లో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఆయన భార్య, వదిన గారు, నా చెయ్యి పట్టుకున్నారు. తడి బట్టలతో ఇంటికొచ్చి, గుండెల్లో ఎలాగో ఉందని చాప మీద పడుకున్నవారు మళ్లీ లేవలేదట.

“ఎవరిదో లైను చూసొస్తానని చీకటుండగానే వెళ్లేరమ్మా. ఎవరిదో చెప్పలేదు. మీకేమన్నా తెలుసా?”

“తెలీదండి” అన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఈ నాలుగు మాటలు అచ్చయితే ఆవిడకి ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అందుకే రాస్తున్నాను. గేటు చప్పుడైతే ఆవిడేనేమోనని రాస్తున్న కాగితం బోర్లా తిప్పేస్తున్నాను. ఇవాళ కూడా గాలి గట్టిగానే ఉంది. కిటికీలోంచి చూస్తే చెట్టు అటూ ఇటూ ఊగుతోంది, ఆయన వదిలిన మూరెడు వైరు దాంతోపాటే సాగుతోంది, ముడుచుకుంటోంది. నా క్లాసులో తెర మీద పిల్లల ముఖాలు ఒక్కసారి కూడా ఆగిపోవడం లేదు.