మామ్మ తమలపాకు తీగకు పిడికెడు ఎరువు

మామ్మకు పొద్దున టీ తర్వాత ఒక తమలపాకు కావాలి. బజారు ఆకు ఆమె లెక్కలో ఆకే కాదు. తన తీగ నుంచి తానే తుంచుకుని, చీర చెంగుతో రెండు వైపులా తుడిచి, సున్నం రాసి నోట్లో వేసుకోవాలి. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో కింది క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లూ ఆ తీగ పెరటి గోడంతా పాకి ఉండేది. పై అంతస్తుకు మారినప్పుడు నాన్న దాని కొమ్మ ఒకటి కుండీలో నాటి, మామ్మ మంచం పక్కన కిటికీ దగ్గర పెట్టాడు. ఆయాసంతో ఆమె మెట్లు దిగలేదు. ఆమెకు మిగిలిన పెరడు అదే.

వానలు వెళ్లాక ఆకులు పాలిపోయాయి. నోట్లో పెట్టుకునే ఆకు కాబట్టి మందు ఎరువు వద్దంది మామ్మ. పూరీ గేట్ నర్సరీ నుంచి వానపాముల ఎరువు, మా ఇంటి మాటలో ఎర్రల ఎరువు, ఒక చిన్న సంచి తెచ్చాను. కొత్తవాళ్లను ఏదైనా అడగాలంటే నాకు బిడియం. ఎంత వేయాలో ఇంటికొచ్చి సంచి మీద చదువుకున్నాను. అంత కుండీకి పిడికెడు చాలు, అదీ మట్టిలో కలపాలి.

అమ్మ సంచిని చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎర్రల పేడ పడగ్గదిలోనా?"

"ఆవు పేడతో ఇల్లు అలికినోలమే కదేటి. ఎర్ర ఏటి పాపం సేసింది?" అంది మామ్మ.

పిడికెడు కలిపి, సంచి మూల పెట్టి, ప్రేమ్ బజార్‌లో పుస్తకాల దుకాణంలో నా పనికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి సంచి ఖాళీ. కుండీ అంచుదాకా నల్లటి ఎరువు. దాని పొడి కిటికీ మీద, దుప్పటి మీద, కింది ఆకుల మీద కూడా పడి ఉంది. మామ్మ దగ్గుతూనే నవ్వుతోంది.

"పిడికెడు ఎడితే ఆకలి తీరతాదేటే గుంటా? ఇంకో ముద్ద ఎయ్యాల గానీ. జల్లెడ పట్టి మరీ ఎట్టినాను."

మా ఇంటికి వచ్చిన ఎవరినీ ఆమె చాలన్నప్పుడు వదిలింది లేదు. తీగనూ వదల్లేదు. పైగా దాహం వేస్తుందని రోజూ చెంబుడు నీళ్లు పోసింది. కుండీ ఆరలేదు. సన్నటి దోమల్లాంటి పురుగులు లేచి ఆమె మంచం చుట్టూ తిరిగాయి. దగ్గు తగ్గలేదు, ఇన్‌హేలర్ తలగడ పక్కకు వచ్చింది.

"ఆదివారందాకా సూస్తాను అత్తా. తగ్గకపోతే కుండీ కిందకి దించీస్తాను," అంది అమ్మ.

కింద మేకలు తిరుగుతాయి. మామ్మ కిటికీ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు కుండీని డాబా మీదికి మోశాను. ముక్కుకు రుమాలు కట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, పొడి లేవకుండా ముందు నీళ్లు చిలకరించాను. పైనున్న ఎరువంతా తీసి గాలాడే గుడ్డసంచిలో పోసి డాబా నీడలోనే ఉంచాను. పురుగులు లేవకుండా మట్టిపైన ఇసుక పల్చగా పరిచాను. ఆకులు కడిగాను. గదిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, కుండీని మళ్లీ కిటికీ దగ్గర పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని మామ్మ దగ్గర కూర్చున్నాను.

"వేలు పెట్టి చూసి, మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు. ఆకు కడిగే తినాలి మామ్మా."

"నీల్లు తగిల్తే ఆకు సప్పబడిపోతాది."

"కింద మేకలైతే కడక్కుండానే తినేస్తాయి."

మామ్మ నా వైపు తిరిగింది. "నోరు లేని గుంటనుకున్నాను," అంది. ఆ మాటలో కోపం లేదు.

ఆదివారానికి పురుగులు ఒకటీ అరా మిగిలాయి. ముందు రాత్రి మామ్మ దగ్గకుండా నిద్రపోయింది. పొద్దున అమ్మ టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, కుండీ దగ్గర నిలబడింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ వంగి ఒక ఆకు తుంచింది. కుళాయి కింద రెండు వైపులా కడిగి మామ్మ అరచేతిలో పెట్టింది.

మామ్మ చీర చెంగు అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

"కడిగినాను కదా అత్తా."

"తడాకుకి సున్నం అంటుకుంటాదేటి? తుడుసుకోనీ."