గ్రీకు కావ్యానికి ఫలశ్రుతి

ముందుగా ఆ నరసింహస్వామికి శతకోటి దండాలు. నాకు నోరిచ్చినవాడు ఆయనే, దాన్ని ఎప్పుడు మూసుకోవాలో చెప్పడం మరిచిపోయినవాడూ ఆయనే.

ఆ రోజుల్లో మా ఇంట్లో పుస్తకమంటే పారాయణం చేసేదే. తాతయ్య రెడ్డిగూడెం గుళ్ళో అర్చకులు కావడంతో నాకు అక్షరాల కంటే ముందు స్తోత్రాలు వచ్చాయి. అలాంటి నన్ను తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు గ్రీకు దేవుళ్ళకు అప్పజెప్పారు. చాట్రాయి నుంచి బైకు మీద వచ్చే కుర్రాయన. సిలబస్ చాలదన్నట్టు, వేల ఏళ్ళ నాటి గ్రీకు మహాకావ్యాన్ని ఇంగ్లీషులో జిరాక్స్ తీయించి పంచారు. యుద్ధం గెలిచిన ఒక రాజు సముద్రంలో దారి తప్పి, ఇల్లు చేరడానికి ఏళ్ళ తరబడి పడే తిప్పలే కథంతా. రాజు సంగతి సరే, ఆ దేవుళ్ళు ఉన్నారే! అలుగుతారు, అసూయపడతారు, పరాయి ఆడవాళ్ళ వెంట పడతారు (మా తాతయ్యయితే ఒక్కణ్ణీ గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు). నైవేద్యం కాల్చిన ఎద్దుమాంసం. "పాపం, వాళ్ళకి ఎవరూ చక్రపొంగలి పెట్టలేదేమోనే," అని నాయనమ్మ జాలిపడింది.

ఈ సంగతి మా స్కూలు కరెస్పాండెంటు గారి చెవిన పడింది. ఆయన మామిడి వ్యాపారి, మహాభక్తుడు. "పరీక్షలో రాని పాఠం చెబుతున్నాడట. సోమవారం నేనే వచ్చి వింటా. నచ్చకపోతే ఈ నెలతో సరి," అని కబురంపారు. మాస్టారికి అప్పుడే పెళ్ళి కుదిరింది. ఉద్యోగం పోతే పిల్లనిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గుతారని ఆయన భయం. "అమ్మాయ్, నీకు గొంతుంది. మొదటి పేజీ నువ్వే చదవాలి," అన్నారు, బతిమాలుతున్నట్టు.

ఆ మొదటి పేజీలో కవి తన నోట పలకమని దేవతను వేడుకుంటాడు. దేవత అనేసరికి నాలో అలవాటు లేచి కూర్చుంది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి (పేజీ అప్పటికే కంఠతా వచ్చు), మా శనివారం భజన వరసలో ఎత్తుకున్నాను. క్లాసులో సగంమంది ఆ భజనలో వాళ్ళే. నేనొక పాదం అనగానే అందరూ తిరిగి అన్నారు. వెనక బెంచీవాడు స్కేలుతో తాళం అందుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి కరెస్పాండెంటు గారు చెప్పులు విప్పేసి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని వింటున్నారు.

"బాగుందండీ మాస్టారూ. మరి ఫలశ్రుతి ఏదీ? చదివితే ఏం మేలు జరుగుతుందో చివర్లో చెప్పాలి కదా?"

"అంటే... దీనికి లేదండీ."

"లేదా! ఏ మేలూ చెయ్యనిదాన్ని పిల్లలచేత ఎందుకు చదివిస్తున్నారండీ?"

మాస్టారు జిరాక్స్ కాగితాలు అటూ ఇటూ తిరగేస్తున్నారు. ఫలశ్రుతి లేని కావ్యం లోకంలో ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. జిరాక్స్ షాపువాడే చివరి పేజీ మింగేసి ఉంటాడని నా గట్టి నమ్మకం. "ఉందండీ!" అని లేచి, తాతయ్య ఫక్కీలో మొదలుపెట్టాను. "దీనిని భక్తితో పఠించినవారికి దూరప్రయాణములందు క్షేమము కలుగును. దారి తప్పిన లారీలు గమ్యము చేరును. మామిడిపూత రాలకుండును. తేనెమంచు పురుగు తోట దరి చేరకుండును..."

కరెస్పాండెంటు గారు చెంపలు వేసుకున్నారు. "గ్రీకు దేశంలో కూడా మామిడితోటలు ఉన్నాయామ్మా?"

"ఫలశ్రుతి ఏ ఊళ్ళో చదివితే ఆ ఊరి పంటకి వర్తిస్తుందండీ."

మాస్టారు బోర్డు వైపు తిరిగి, లేని అక్షరాలు తుడుస్తున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఉద్యోగం నిలిచింది, పెళ్ళీ అయింది. శిక్ష మాకు పడింది. మామిడి పూత పట్టిన దగ్గర్నుంచి ఆఖరి లారీ వెళ్ళేదాకా ప్రతి సోమవారం అసెంబ్లీలో గ్రీకు పారాయణం, కొబ్బరికాయ, వడపప్పు. ఆ దేవుళ్ళు జన్మలో ఎరగని మర్యాద!

ఇప్పుడు గుళ్ళో పురాణం చెబుతుంటాను. ఫలశ్రుతి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆశగా చూసే మొహాలు కనపడి గొంతు నెమ్మదిస్తుంది. ఆ తొమ్మిదో తరగతి పిల్లలా తడుముకోకుండా లారీలకీ, పూతకీ పూచీపడే ధైర్యం ఈ వయసులో ఎక్కణ్ణుంచి వస్తుంది? మాస్టారి సంసారం చల్లగా ఉండాలని నాతోపాటు మీరూ స్వామికి ఒక దండం పెట్టండి. చేతులు ఎలాగూ జోడించారు కనుక, ఆ గ్రీకు దేవుళ్ళకి కాస్త బుద్ధి ప్రసాదించమని కూడా అడగండి.