అల్ ఘర్రాఫాకు బయలుదేరి ఇండస్ట్రియల్ ఏరియాలో ఆగిపోయిన శుక్రవారం

మా బండికి పదిహేడేళ్ళు. కతార్‌లోని మెసయీద్‌లో మేముండే కంపెనీ క్వార్టర్స్‌లో దాన్ని చూడకుండానే గుర్తుపట్టేవారు. చలికాలం మొదలైన దగ్గర్నుంచి తాళం తిప్పగానే కింద ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టు గలగలలాడేది. ఊళ్ళోనే ఉన్న మెకానిక్ ఒకాయన చూసి, వేడి తగలకుండా పెట్టిన రేకు ఊడిందని దానికో పట్టీ బిగించి పంపాడు. వారం పది రోజులు బండి నోరు మూసుకుంది. ఆ తర్వాత చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఎక్కడైనా ఆగితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా వచ్చేది. అప్పుడు తెలిసింది, పోయింది క్యాటలిటిక్ కన్వర్టర్ అని. ఇంజన్ నుంచి వచ్చే పొగను శుభ్రం చేసే డబ్బా అది, సైలెన్సర్ గొట్టానికి ముందు ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నటి కన్నాలున్న పింగాణీ దిమ్మ ఒకటుంటుంది. అది పగిలి ముక్కలైతే ఇలాగే మోగుతుందట. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతోంది, ఈ పొగతో వార్షిక తనిఖీలో గట్టెక్కదు. అమ్మేద్దామన్నారు మావారు. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ బండిమీదే, నాకు మనసొప్పలేదు. ఇక్కడ అందరికీ సెలవైన శుక్రవారం కూడా ఆయనకు డ్యూటీ కాబట్టి, నేనే దోహా ఇండస్ట్రియల్ ఏరియాకు తీసుకెళ్ళి కొత్తది వేయించుకొస్తానని చెప్పాను.

ఆ మాట రెడ్డెప్ప చెవిన పడింది. రెడ్డెప్ప మా క్వార్టర్స్‌లో మొక్కలు చూసే మనిషి, రాయచోటి దగ్గరి పల్లె. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే. మా వరండాలో కుండీలో కరివేపాకు బతికుందంటే ఆయన చలవే. భార్య ఈశ్వరమ్మ కూడా కతార్‌లోనే, అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తుంది. ఇద్దరి మధ్య దూరం గట్టిగా గంట ప్రయాణం. కానీ బస్సులూ మెట్రో మారి వెళ్ళేసరికి సగం పూట పోతుంది, పైగా ఇద్దరి సెలవులూ ఒకేసారి కలవాలి. ఆ యజమానురాలి కూతురు కాన్పుకు రావడంతో ఈశ్వరమ్మకు రెండు నెలలుగా సెలవే దొరకలేదు. ఆ శుక్రవారం మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం నాలుగింటి దాకా బయటికి వెళ్ళి రమ్మన్నారు. దారిలో దింపమని రెడ్డెప్ప అడగలేదు. నేను ఏ దారిన వెళ్తానో మాత్రం రెండుసార్లు అడిగాడు. ముందు ఆయన్ని అల్ ఘర్రాఫాలో దింపి, వెనక్కి తిరిగి వర్క్‌షాపుకు వెళ్తానని మాటిచ్చాను.

ఏడున్నరకు బయలుదేరాం. మెసయీద్ నుంచి వక్రా ఊరి మీదుగా కాకుండా దోహాను చుట్టి వచ్చే పెద్ద హైవే ఎక్కితే సిగ్నళ్ళు ఉండవు, శుక్రవారం పొద్దున లారీలూ తక్కువ. మీరూ అదే దారి పట్టండి. రెడ్డెప్ప ఇస్త్రీ చేసిన లేతనీలం చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. చప్పుడు ఎలాగూ ఉంది కాబట్టి గట్టిగా అరుస్తూ మాట్లాడుకుంటూ వెళ్ళాం. సగం దారి దాటాక బండి బరువెక్కినట్టయింది. ఎంత తొక్కినా ముందుకు లాగడం లేదు. నూరు మీదున్న స్పీడు ముల్లు ఎనభైకి, అరవైకి దిగిపోయింది. పగిలిన ముక్కలు పొగ దారికి అడ్డం పడితే ఇంజన్‌కు ఊపిరాడదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం భయమేసింది. అత్యవసర లైట్లు వేసుకుని కుడి అంచున పాకుతూ ఇండస్ట్రియల్ ఏరియా ఎగ్జిట్ పట్టుకుని, ఎలాగో వర్క్‌షాపు ముందు ఆపేసరికి తొమ్మిది దాటింది.

వర్క్‌షాపు నడిపే బషీర్ కేరళ ఆయన. మావారి స్నేహితుడి ద్వారా ముందే ఫోన్లో మాట్లాడి ఉంచాను. ఆయన బండిని లిఫ్టు మీద పైకెత్తి, రబ్బరు సుత్తితో ఆ డబ్బాను మెల్లగా తట్టాడు. లోపల ముక్కలు జలజలా కదిలాయి. ఈ స్థితిలో దీన్ని ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దని హిందీలో చెప్పాడు. డబ్బా తీసేసి ఉత్త గొట్టం పెట్టేసే వాళ్ళూ ఉంటారట, కానీ అది తప్పు, తనిఖీలో ఎలాగూ పట్టుకుంటారు. అసలు కంపెనీ భాగం తెప్పించాలంటే వారాలు పడుతుంది. మా బండికి సరిపోయే కొత్త డబ్బా బయటి తయారీది దొరికితే, కూలితో కలిపి పన్నెండు వందల రియాళ్ళ లోపు అయిపోతుందన్నాడు. ఎంతసేపు పడుతుందంటే, మధ్యలో జుమ్మా నమాజు ఉంది కాబట్టి మధ్యాహ్నం రెండు అవుతుందన్నాడు.

నాకు రెడ్డెప్ప మొహం చూడబుద్ధి కాలేదు. టాక్సీ మాట్లాడతాను, మీరు వెళ్ళండి అని బతిమాలాను. ఆయన కదల్లేదు.

“ఈడ మిమ్మల్ని ఒంటరిగా ఇడిసిపెట్టి వచ్చినా అంటే ఆమె నన్ను గడప తొక్కనియ్యదమ్మా,” అన్నాడు. ఫోను తీసి ఈశ్వరమ్మకు సంగతి చెప్పాడు. అవతలినుంచి ఏం విన్నాడో గానీ ఫోను జేబులో పెట్టుకుని, “ఆమే వస్తాదంట,” అన్నాడు.

డబ్బా చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. తుప్పు పట్టిన బోల్టులకు మందు కొట్టి, గ్యాసు మంటతో కాల్చి ఒక్కోటీ విప్పాడు బషీర్. చివరికి దాన్ని కిందికి దించి ఒంపితే, కాలిన మరమరాల్లా బూడిదరంగు ముక్కలు నేలమీద పడ్డాయి. కొలతలు సరిపోవాలంటే పాతదాన్ని విడిభాగాల దుకాణానికి పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూడాలి. దుకాణం రెండు వీధులవతల, నమాజుకు ముందు మూసేస్తారు. బషీర్ సహాయకుడికి ఆరోజు సెలవు. ఆయన ఇంజన్‌లో తప్పెక్కడుందో వెతుకుతున్నాడు, ఆ పని వదిలి వెళ్ళలేడు. రెడ్డెప్ప ఏమీ అనకుండా ఆ మసిపట్టిన ఇనుప డబ్బాను భుజానికెత్తుకుని, చీటీ మీద రాసిన దుకాణం పేరు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన అలా వీధి మలుపు తిరిగిన కాసేపటికి టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి ఈశ్వరమ్మ దిగింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. చిన్న మనిషి, బురఖాలాంటి నల్లటి అబాయా కింద ఎర్రంచు చీర కనిపిస్తోంది, రెండు చేతుల్లో రెండు బరువైన సంచులు. నన్ను పలకరించి, అటూ ఇటూ చూసి ఆయనేడని అడిగింది. సామాను తేవడానికి వెళ్ళాడని చెప్పాల్సి వచ్చేసరికి నాకే సిగ్గేసింది. ఆమె మాత్రం నవ్వి, బషీర్ బయట వేసి ఉంచిన పాత కారు సీటు మీద దుమ్ము దులిపి కూర్చుంది.

అక్కడ కూర్చునే ఆమె నాకు అసలు విషయం చెప్పింది. వాళ్ళ యజమానురాలి అన్నకు ఉమ్ సలాల్‌లో తోట ఉంది. చెట్టూ చేమా తెలిసిన నమ్మకమైన మనిషి కావాలట. ఈశ్వరమ్మ తన భర్త గురించి చెప్పింది, వాళ్ళు సరేనన్నారు. ఉమ్ సలాల్ అంటే అల్ ఘర్రాఫాకు పావుగంట. వారం వారం కలుసుకోవచ్చు. తోటవాళ్ళు మరో మనిషిని చూసుకునేలోగా జవాబు చెప్పాలి. కానీ రెడ్డెప్ప ఫోన్లో ఔననడు, కాదనడు. మెసయీద్‌లో రూములో ఉన్నవాళ్ళంతా అన్నదమ్ముల్లా కలిసిపోయారు, తను నాటిన వేపచెట్లు ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి. అంతకంటే పెద్ద అడ్డం, భార్య చెప్తే దొరికిన పని అని నలుగురూ అనుకుంటారేమోనన్న మొహమాటం.

“ఎదురుగా కూర్చోబెట్టి అడుగుదామని వచ్చినా,” అంది. “ఆయప్పకు తెలుసు. అందుకే మీ బండి ఎనక దాక్కున్యాడు.”

అంతలో ఆయన రానే వచ్చాడు. ఒక భుజాన పాత డబ్బా, ఇంకో చంకన అట్టపెట్టెలో కొత్తది. ఇస్త్రీ చొక్కా మీద మసి, తుప్పు, చెమట కలిసి పెద్ద మరకైంది. రెండు నెలల తర్వాత ఎదురుపడిన భార్యాభర్తలు ఏం మాట్లాడుకుంటారోనని నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

“ఆ సొక్కా ఏందయ్యా అట్ల సేసుకున్యావు?” అంది ఈశ్వరమ్మ.

“నువ్వు ఎప్పుడొచ్చినావు మే?” అన్నాడాయన.

అంతే. ఆమె సంచిలోంచి కొత్త చొక్కా ఒకటి తీసింది, ఎప్పుడో కొని ఉంచిందట. లోపలికెళ్ళి మార్చుకొమ్మంది. విప్పిన చొక్కాను మడిచి తన సంచిలో పెట్టుకుంది, ఉతికి పంపిస్తానని.

నమాజుకు బషీర్ షట్టరు సగం దించి వెళ్ళాడు. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఈశ్వరమ్మ రెండో సంచి విప్పింది. రాగిసంగటి ముద్దలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది, కోడిపులుసు, వాళ్ళు చెనిక్కాయలనే వేరుశెనగల పచ్చడి. యజమానురాలి వంటింట్లో తెల్లవారకముందే లేచి వండిందట. ముగ్గురం అట్టముక్కలు పరుచుకుని తిన్నాం. మా గోదావరి వైపు సంగటి తినడం తక్కువ. పులుసులో ముంచి మింగాలి గానీ నమలకూడదని రెడ్డెప్ప నేర్పించాడు. నేను నమిలాను. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు.

చేయి కడుక్కుని, టీ తాగొస్తానని లేచాను. నిజానికి టీ అంత అవసరం కాదు. వీధి చివర ఉన్న చిన్న హోటలు జుమ్మా అయ్యాక తెరిచారు. రెండు రియాళ్ళకు యాలకులు వేసిన కరక్ చాయ్ తీసుకుని, ఒకటి తాగి, కాసేపాగి ఇంకోటి చెప్పాను. దూరంగా షట్టరు కింద వాళ్ళిద్దరి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆమె అడుగులు అటూ ఇటూ కదులుతున్నాయి, ఏదో చెబుతున్నట్టుంది. ఆయన కాళ్ళు కదలకుండా ఉన్నాయి. అలా ఎంతసేపు కూర్చున్నానో, హోటలాయన మూడో టీ కావాలా అని అడిగాక లేచాను.

బషీర్ తిరిగొచ్చి పని ఎత్తుకున్నాడు. కొత్త డబ్బా ఊరికే బిగిస్తే చాలదని అప్పుడు చెప్పాడు. మా ఇంజన్‌లో ఒక స్పార్క్ ప్లగ్ పెట్రోలును సరిగా మండించడం లేదు. కాలని పెట్రోలు పోయి ఆ డబ్బాలో మండి, వేడికి పింగాణీ పగిలిందట. ఆ ప్లగ్ మార్చకపోతే కొత్తదీ ఏడాదిలోపే పగులుతుంది. ప్లగ్గులన్నీ మార్చమన్నాను. ఆ పనీ కలిసి, మూడుంబావుకు బండి కిందికి దిగింది. తాళం తిప్పితే స్టార్టయిందో లేదో తెలియలేదు. అంత మెత్తగా ఉంది శబ్దం. బషీర్ నా అనుమానం చూసి, ఇంజన్ తిరుగుతోందని చూపే ముల్లు వైపు వేలు చూపించి నవ్వాడు.

ఇండస్ట్రియల్ ఏరియా నుంచి అల్ ఘర్రాఫాకు మామూలుగా అరగంట. శుక్రవారం మధ్యాహ్నం అంతకన్నా తక్కువే. వాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. పొద్దున అరుచుకుంటూ వచ్చిన బండిలో ఇప్పుడు గుసగుస కూడా ముందుకు వినిపిస్తోంది. చలికాలమే అయినా ఏసీ ఫ్యాను పెద్దది చేశాను. అయినా ఒకటి రెండు మాటలు వినబడ్డాయి, అవి ఇక్కడ రాయను. అల్ ఘర్రాఫాలోకి మలుపు తిరిగే దగ్గర రెడ్డెప్ప కొంచెం ముందుకు వంగాడు.

“ఉమ్ సలాల్లో మన్ను బాగుంటాదంటారే, నిజమేనామ్మా?” అని అడిగాడు.

నాకు మట్టి గురించి ఏమీ తెలియదు. అయినా చాలా బాగుంటుందని చెప్పాను. అద్దంలో చూస్తే ఈశ్వరమ్మ కిటికీ వైపు తిరిగి ఉంది, అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుని.

నాలుగుకు ఇంకా కాస్త ఉండగానే ఆ ఇంటి గేటు ముందు ఆగాం. ఆమె దిగి, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, “మీ బండి మంచిదమ్మా, అమ్ముకోవాకండి,” అంది. తర్వాత భర్త వైపు చూసి తలూపి లోపలికి వెళ్ళిపోయింది. మెసయీద్ చేరేదాకా రెడ్డెప్ప తన వేపచెట్లకు ఎన్ని రోజులకోసారి నీళ్ళు పట్టాలో నాకు చెబుతూనే ఉన్నాడు. తర్వాత వచ్చేవాడికి నేను చెప్పాలట.

కంపెనీ నుంచి తోట యజమాని పేరుకు స్పాన్సర్‌షిప్ మారడానికి నెల పైనే పట్టింది. కంపెనీ కాగితాలు ఆలస్యం చేసిందని రెడ్డెప్ప దిగులుపడ్డాడు గానీ చివరికి పని జరిగింది. ఇప్పుడాయన ఉమ్ సలాల్ తోటలో ఉన్నాడు. మొన్న మావారూ నేనూ ఆ తోటకు వెళ్ళాం. మడుల మధ్య తిప్పి చూపించి, సంచినిండా లేత వంకాయలూ మెంతికూరా ఇచ్చాడు. ఈశ్వరమ్మ కూడా అక్కడే ఉంది, ఆ రోజు శుక్రవారం. మావారు ఆ వంకాయల రుచి చూసినప్పటినుంచి బండి అమ్మే మాట ఎత్తడం లేదు. తనిఖీ కూడా మొదటిసారికే పాసయింది.

కతార్ ఎంత చిన్న దేశమంటే, పొద్దున టిఫిన్ తిని బయలుదేరితే ఒక కొన నుంచి ఇంకో కొనకు పోయి భోజనానికి తిరిగి రావచ్చు. మేం అలా ఎన్నోసార్లు తిరిగాం. అదే దేశంలో గంట దూరాన ఉన్న మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి రెండు నెలలు పడుతుందని, నాకు తెలిసి కూడా ఎప్పుడూ మనసుకు తట్టలేదు. ఆరోజు నేను చూసిన చోట్లలో చూడదగ్గదేమీ లేదు. వర్క్‌షాపులు, నూనె మరకలు, షట్టర్లు. అయినా ఇన్నేళ్ళలో ఇక్కడ చేసిన ప్రయాణాల్లో ఏది బాగుందని ఎవరైనా అడిగితే, నేను ఇసుక దిబ్బల గురించో సముద్రం గురించో చెప్పను.

మీరూ ఇదే పనిమీద బయలుదేరుతుంటే ఒక్కమాట. బండి గలగలమనడం మొదలైన వారంలోనే, మామూలు పనిరోజున వెళ్ళి కన్వర్టర్‌తో పాటు ప్లగ్గులు కూడా చూపించుకోండి. తీరా శుక్రవారం దాకా ఆగి, ఇంకొకరి సెలవురోజును మీ పాత బండి మీద పందెం కాయకండి.