రెండు లైన్ల కోసం పుట్టిన పేరు

అది 1989. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో ఒక రెండు గదుల ఇల్లు. పాపను తొట్టెలలో వేసే వేళ దగ్గరపడింది. పళ్లెంలో బియ్యం పరిచి ఉంది. దాని మీద ఉంగరంతో పేరు రాయాల్సిన తాత నరసయ్యగారు, రాయకుండా నా ముందు ఒక పేపరు ముక్క పెట్టారు.

"ముప్పై ఏండ్లు బడిల తెలుగు చెప్పిన, సార్. 'లిరిష' అనే మాట ఏ నిఘంటువుల ఉన్నది? చెప్పున్రి, ఇప్పుడే రాస్త."

'లిరిష: తొలివాన తర్వాత వీచే గాలి. సంస్కృతం' అని ఆ ముక్కలో ఉంది. రాసింది నేనే.

నేనప్పుడు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. వచ్చిన వార్తను దిద్ది పేజీకి సరిపెట్టడం నా పని. ఆదివారం పేజీలో పిల్లల పేర్లు, అర్థాలు ఇచ్చే శీర్షిక కూడా నాదే. ఒకరోజు పేజీ కడుతూ ఫోర్‌మన్ కేకేశాడు. "రెండు లైన్లు తక్కువొచ్చినయ్ సార్, జల్ది ఇయ్యున్రి!" లైన్ల మధ్య సన్నటి సీసపు బద్దలు పెట్టి సర్దమంటే పోయేది. వాటిని లెడ్ అంటారు. నేను ఆ మాట అనకుండా, నోటికి ఇంపుగా తోచిన శబ్దానికి ఒక అర్థం అంటించి ఇచ్చేశాను.

రెండు వారాల తర్వాత యాదగిరి ఆఫీసుకు వచ్చాడు. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి. మా పేపర్లోని పేరే బిడ్డకు పెడుతున్నామని, తప్పక రావాలని పిలిచాడు. ఏ పేరో నేను అడగలేదు. హబ్సిగూడలో బస్సు దిగిన నన్ను సైకిల్ మీద తీసుకెళ్తూ అతనే చెప్పాడు, లిరిష అని.

ఇప్పుడు అదే యాదగిరి నన్ను పక్కకు లాగాడు.

"జర గట్టిగ చెప్పున్రి సార్. లేకుంటే నాయిన సచ్చిపోయిన మా నాయనమ్మ పేరే రాస్తడు. ఇంతకు ముందు ఇద్దరు బిడ్డలకు గట్లనే పోయినోళ్ల పేర్లు పెట్టినం. ఏడాది నిండకముందే ఇద్దరూ పోయిన్రు. మళ్ల గదే అంటే సుజాత తట్టుకోదు."

ఏదో ఒక నిఘంటువు పేరు చెప్పవచ్చు. కానీ నరసయ్యగారు రేపే వెళ్లి వెతికే మనిషి.

"ఎక్కడా లేదండీ," అన్నాను. "జాగా నింపడానికి నేనే పుట్టించాను."

"వార్తలు గూడ గిట్లనే పుట్టిస్తరా బిడ్డా?" అంది మూలన కూర్చున్న ముసలమ్మ. ఎవరూ నవ్వలేదు. నరసయ్యగారు ఉంగరాన్ని పళ్లెంలో పడేశారు.

బిడ్డను ఎత్తుకుని యాదగిరి భార్య సుజాత లోపలి గది గడప దగ్గరికి వచ్చింది.

"అంటే ఈ పేరు ఇంతకు ముందు ఎవ్వరికీ లేదా సార్?"

"లేదమ్మా."

"సచ్చిపోయినోళ్లకు గూడా?"

"ఎవరికీ లేదు."

ఆమె మామ వైపు తిరిగింది. "నాకు అర్థమొద్దు మామా. గా పేరే రాయున్రి."

"మీరే రాస్కోన్రి," అని ఆయన లేచి బయటికి వెళ్లారు. యాదగిరి ఉంగరం తీసుకుని రాశాడు.

ఆ తర్వాత నిఘంటువు తెరవకుండా ఒక్క పేరూ అచ్చుకు ఇవ్వలేదు. సవరణ మాత్రం వేయలేదు. వేస్తే ఎడిటర్‌కు సంగతి చెప్పాలి. ఆ పేరు అచ్చయిన ఆదివారం మా పేపరు అన్ని జిల్లాలకూ వెళ్లింది. సుజాతతో నేను 'ఎవరికీ లేదు' అనేనాటికి ఇంకెన్ని ఇళ్లలో ఆ పేరు రాశారో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.