ఎత్తు ఎక్కేటప్పుడు వణికిన కారు

మా బావ కారు నిలబడి ఉన్నప్పుడు వణికేది కాదు. న్యూట్రల్‌లో ఎంత రేస్ చేసినా ఇంజను కుదురుగా తిరిగేది. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడూ తేడా తెలిసేది కాదు. మూడో గేరులో, తక్కువ వేగం నుంచి ఎక్సలేటరు నొక్కినప్పుడు మాత్రం స్టీరింగు మొదలు వెనక సీటు దాకా బండంతా కొట్టుకునేది.

అవి తొంభైల చివరి రోజులు. నేను మదనపల్లెలో సాంకేతిక పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అక్కావాళ్లది పుంగనూరు దగ్గర పల్లె. బోరు ఎండి టమాటా సాగు మానుకున్నాక బావ ఈ పాత పెట్రోలు కారు కొని బాడుగకు తిప్పుతున్నాడు. పుంగనూరులో ఉంటూ కుప్పం వైపు గ్రానైటు క్వారీ నడిపే పెద్దమనిషి ఒకాయన, రోజూ పోయి రావడానికి నెల బాడుగకు కారు వెతుకుతున్నాడు. ఆయనకు నడుము నొప్పి. సోమవారం ఒకసారి పోయి చూస్తానని, కుదుపు లేకుండా ఉంటేనే పెట్టుకుంటానని చెప్పాడు. ఈ పని కుదరకపోతే కారు అమ్మేసి, బెంగళూరులో ఇంకొకరి బండి తోలడానికి పోవాలని బావ అప్పటికే అనుకుని ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నానికి నేను వాళ్లింటికి చేరాను. పుంగనూరు మెకానిక్కు ఇంజను కింది రబ్బరు మౌంటింగులు మార్చాడు, కార్బురేటరు కడిగాడు. వణుకు పోలేదు.

"ఏం బామ్మర్దీ, పిల్లోళ్లకు చెప్తాండావు గదా ఇంజన్ల గురించి. దీనికి గూడా రెండు ముక్కలు చెప్పిపో," అన్నాడు బావ.

"అది వినే రకమైతే నీ మాటే వినుండేది," అంది అక్క, గడప దగ్గర చిక్కుళ్లు ఒలుస్తూ.

బండిని ఊరి బయట మిట్ట మీదికి తోలి చూశాను. పెట్రోలు చాలకపోతే ఇంజను నీరసపడుతుంది. ఇక్కడ నీరసం కాదు, కొట్టుకోవడం. ఎక్సలేటరు నొక్కినప్పుడు సిలిండరులోకి ఎక్కువ గాలి, పెట్రోలు చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. దారిలో ఎక్కడైనా అంతకన్నా సులువైన తోవ దొరికితే కరెంటు అటు జారుకుంటుంది, ఆ సిలిండరు ఒక దెబ్బ తప్పుతుంది. కాబట్టి ఎక్కడో కరెంటు కారుతోంది.

ఇంటికి తెచ్చి బానెట్ ఎత్తి చూస్తే కారణం కంటి ముందే ఉంది. నాకే కాసేపు నమ్మకం కలగలేదు. వారం కిందట ఆయుధ పూజకు అక్క, ఏటా బోరు మోటారుకూ స్టార్టరు పెట్టెకూ పెట్టినట్టే, ఇంజనులో ముఖ్యమనిపించిన ప్రతి భాగానికీ తడి పసుపు రాసి కుంకుమ పెట్టింది. ప్లగ్గుల తెల్లటి పింగాణీకి పెట్టింది. నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతకు మరింత శ్రద్ధగా, వైర్ల మొదలు నుంచి, మూతను ఇంజనుకు పట్టి ఉంచే ఇనుప క్లిప్పు దాకా అడ్డంగా మూడు పట్టెలు పూసింది.

"ఈ బొట్లు తుడవాలక్కా," అన్నాను.

చిక్కుళ్ల చేట పక్కన పెట్టింది. "ఎల్లుండి బండి పని మీద పోతాంటే పూజ బొట్టు తుడిపిస్తావా? యాల, నా కుంకుమే దొరికిందా నీకు?"

 బావకూ మనసొప్పలేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

వాదించి లాభం లేదు. చూపించాలి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, బావను కూర్చోబెట్టి, రెండో గేరులో హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, ఎక్సలేటరు నొక్కుతూ క్లచ్చి కొద్దిగా వదలమన్నాను. బండి ముందు ఎవరం నిలబడలేదు. పక్కనుంచి బానెట్ కిందికి వంగి, వెలుతురు పడకుండా అక్క తల మీదా నా తల మీదా కంబళి కప్పాను. ఫ్యాను వైపు పోకుండా ఆమె చేతులు పట్టుకున్నాను.

ఇంజను మీద బరువు పడింది. మూత మీద, సరిగ్గా ఆమె పూసిన పట్టె వెంబడి, సన్నని నీలం దారం టపటపమంటూ క్లిప్పు దాకా పాకింది. పాకినప్పుడల్లా బండి వణికింది.

"బావా, చాలు," అన్నాను.

అక్క కంబళి తీసి కాసేపు మూతకేసే చూసింది. "ఆడ పెట్టేది దానికి ఇష్టం లేనట్టుండాదిరా," అంది. ఇంట్లోకి పోయి పాత పంచె గుడ్డ తెచ్చింది. నేను పెట్రోలుతో తడపబోతే, "ఉండు, నేనే తీస్తాను," అని ఒక్కో బొట్టునూ తనే తుడిచింది. తర్వాత, "యాడ పెడితే ఒప్పుకుంటాది?" అని అడిగింది. ఎయిర్ ఫిల్టరు రేకు డబ్బా చూపించాను. దాని మీద పెద్ద బొట్టు పెట్టింది.

"మంచి పని. అడక్కుంటే సైలెన్సరుకు పెట్టుందువు," అన్నాడు బావ.

"పెడతా, నీ మూతికి," అంది అక్క.

పట్టె కింద మూత మీద వెంట్రుకంత నల్లటి కాలిన గీత మిగిలింది. అది తుడిస్తే పోయేది కాదు. కరెంటుకు అదే దారి. మర్నాడు మదనపల్లె పోయి కొత్త మూత తెచ్చి బిగించాను. మిట్ట మీద మూడో గేరులో అదే చోట ఎక్సలేటరు నొక్కాడు బావ. బండి వణక్కుండా ఎక్కింది. నమ్మకం చాలక వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించాడు.

సోమవారం నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. పెద్దమనిషి వెనక, నడుముకు దిండు ఆనించుకుని, "ఎత్తు మీద నీ బండి సంగతి చూస్తానప్పా," అన్నాడు. మొదటి ఎత్తు రాగానే బావ గేరు మార్చాడు. వేళ్లు స్టీరింగును బిగించి పట్టుకున్నాయి. ఇంజను చప్పుడు లావైంది గానీ ఎక్కడా తెగలేదు. పైకి చేరాక అద్దంలో చూశాం. పెద్దమనిషి తల పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు.

క్వారీ దగ్గర లేపితే, "అప్పుడే వచ్చేస్తిమా?" అంటూ దిగాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "రేపూ ఇదే టైముకు రాప్పా," అన్నాడు.

బావ తల ఊపాడు.  ఆయన కనుమరుగయ్యాక బానెట్ ఎత్తి, అవసరమేమీ లేకపోయినా, ఆయిలు చూశాడు.