ఐస్ పెట్టె కూర్చున్న సీటు

ఖతార్ ఉత్తరాన సముద్రం చూడాలనుకునే మనవాళ్ళ కోసం ఇది చెబుతున్నాను. నాకు చదవడం, రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు శ్రావ్య రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల భాషలో పెట్టమన్నాను, యాసను సాకుగా చూపి ఎవరూ నా మాటను పక్కన పడేయకూడదని. దారి చెబుతాను, ఖర్చు చెబుతాను, ఇంకా చల్లారని కోపం కూడా చెబుతాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. విజిట్ వీసా మీద కూతురు లావణ్య దగ్గరికి వచ్చాను. మా ఊళ్ళో అందరి లెక్కలో నేను దుబాయ్ పోయినట్టే. లావణ్య, అల్లుడు రాజధానిలోని అల్ మన్సూరాలో ఒక ఫ్లాట్‌లో ఉంటారు. అల్లుడు ఇంజినీరు, స్టేడియం పనులు చూసే ఆఫీసులో జర్మనీ వాళ్ళతో కలిసి చేస్తాడు. నా కొడుకు రాజేశం కూడా ఈ దేశంలోనే ఉన్నాడు, పల్లెలో అమ్మను పిలిచినట్టు నన్ను ఇంకా అవ్వా అనే పిలుస్తాడు. స్టేడియం బయట నేలకు రాళ్ళు పరిచే పని, క్యాంపులో మకాం. లావణ్య ఇంజినీరింగ్ చదివింది, ఇక్కడికి రాకముందు ఊళ్ళో వాడు పడ్డ రెక్కల కష్టం మీదే. ప్రపంచ కప్పు దగ్గర పడుతోందని వాడికి శుక్రవారాలు కూడా డ్యూటీ వేస్తున్నారు. నేను వచ్చాక వాడిని చూసింది ఒక్కసారే, ఫ్లాట్ కింద మెట్ల దగ్గర, నిలువు కాళ్ళ మీద. నా వీసా ముగిసే ముందు వాడికి ఒక్క శుక్రవారం సెలవు దొరికింది. కొడుకు పక్కన కూర్చుని ఒక పూట అన్నం తినాలి. ఈ ప్రయాణం నాకు అందుకే.

అదే శుక్రవారం అల్లుడి ఆఫీసు జర్మన్లు ఉత్తరానికి బయలుదేరుతున్నారు. అల్ ఘర్రాఫాలో ఒకే ప్రహరీ లోపల పది పన్నెండు జర్మన్ ఇళ్ళున్నాయి. చలికాలం వస్తే సెలవు రోజున అందరూ కలిసి ఎక్కడో ఒకచోట నడుస్తారు, కోటలు, పక్షులు చూస్తారు. మమ్మల్నీ పిలిచారు.

"రాజేశంను గూడ తీస్కపోదాం" అన్నాను.

అల్లుడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "కారుల జాగ లేదత్తమ్మా. నేరుగ బీచ్ కాడికే రమ్మని చెప్త. వాళ్ళ దోస్తు బండి ఉన్నది గద."

నేను నమ్మాను.

పొద్దున ఆరున్నరకు ఇల్లు దాటాం. ముందు అల్లుడు, లావణ్య. వెనక నేను, శ్రావ్య, మూడో సీటులో ఐస్ పెట్టె. దానికి బెల్టు కూడా కట్టారు. "డిక్కీల పెట్టరాదా?" అంటే, "డిక్కీల మడత కుర్చీలున్నయమ్మా" అంది లావణ్య. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు. నా ఒళ్ళో మాంసం కూర డబ్బా వెచ్చగా ఉంది, నా ధ్యాసంతా దాని మీదే.

ఘర్రాఫాలో ఎక్కడ చూసినా రోడ్డు తవ్వి పెట్టారు. రెండుసార్లు దారి మళ్ళించారు, దానికే అరగంట పోయింది, మీరూ ఆ సమయం చేతిలో ఉంచుకోండి. జర్మన్ల గేటు దగ్గర కార్లన్నీ వరసగా నిలబడ్డాయి. వాళ్ళకు పెద్ద హెల్గా అనే ఆవిడ, నా ఈడుదే. మెడలో ఈల, చేతిలో పక్షుల్ని చూసే దుర్భిణి. నన్ను చూసి దండం పెట్టి, తాను కాల్చిన రొట్టె ముక్క ఇచ్చింది. రొట్టె రాయిలా ఉంది, మనిషి మాత్రం మంచిదే.

అక్కడి నుంచి ఉత్తరానికి పోయే షమాల్ రోడ్డు పట్టుకుంటే ఇక దాదాపు మలుపు లేదు. గంట పైన ప్రయాణం. పోను రాను కలిపి పెట్రోలు నలభై రియాళ్ళ లోపే. టాక్సీ అయితే ఒక దిక్కుకే దానికి మూడు నాలుగింతలు. ముందు జుబారా కోట చూశాం. మమ్మల్ని ఎవరూ టికెట్ అడగలేదు. గోడలు మందం, లోపల చల్లగా ఉంటుంది, పొద్దున్నే పోతే మంచిది. తర్వాత మదీనత్ అల్ షమాల్ ఊరి వైపు వస్తూ, జనం వదిలేసి పోయిన పాత చేపల పల్లె దగ్గర ఆగాం. కూలిన గోడల మధ్య జర్మన్లు రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని నడిచారు. గుట్ట లేదు, మిట్ట లేదు, అరచేయిలాంటి నేల. దాని మీద కొండ ఎక్కుతున్నట్టే ఆయాసపడుతూ నడిచారు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వింది అప్పుడే.

బీచ్‌కి పదకొండు కావస్తుండగా చేరాం. దాని పేరు చెప్పను. గేటుకు అడ్డంగా కర్ర, పక్కన ఒక బోర్డు. కాపలా మనిషి మా కారులోకి తొంగి చూశాడు, ఆడవాళ్ళం కనబడగానే కర్ర ఎత్తాడు. మా వెనక కారులో ముగ్గురు జర్మన్ కుర్రవాళ్ళు, పెళ్ళాలు లేరు, పిల్లలు లేరు. వాళ్ళకూ ఎత్తాడు, పైగా సలాం కొట్టాడు.

నీళ్ళ అంచున రాజహంసలు గుంపుగా నిలబడి ఉన్నాయి. హెల్గా దుర్భిణి నా కళ్ళకు పెట్టింది. అందమైన పక్షులే. నేను మాత్రం గేటు వైపే చూస్తున్నాను. అల్లుడిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "దారిల ఉన్నడత్తమ్మా" అన్నాడు. అందరూ తినడానికి కుర్చీలు విప్పారు. అప్పుడు లావణ్య నా దగ్గరికి వచ్చి, ఇసుకలోకి చూస్తూ చెప్పింది.

"అమ్మా, అన్న పదకొండున్నర సందే గేటు కాడ ఉన్నడు. లోపలికి రానిస్తలేరు. ఈయన ఫోన్ ఎత్తుతలేడు."

కూర డబ్బా చంకన పెట్టుకుని నడిచాను. ఆ ఇసుకలో నా మోకాళ్ళు ఎంత గోల పెట్టాయో నాకే తెలుసు. గేటు బయట పాత పికప్ బండి, దాని నీడలో రాజేశం, వాడి క్యాంపు దోస్తు గంగారాం కూర్చున్నారు. రాజేశం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. తలకు నూనె పెట్టి పాపిట తీశాడు. అమ్మతో తినడానికి పెళ్ళికి పోయినట్టు తయారై వచ్చి, మట్టిలో కూర్చున్నాడు.

"ఇక్కడ కూసున్నవేందిరా?"

"శుక్రారం ఫ్యామిలీలకేనటవ్వా. ఉత్త మొగోళ్ళను పంపియ్యరు."

"నేనెవల్ని మరి? మీ ఫ్యామిలీ గాదా?"

వాడి చేయి పట్టుకుని కాపలా మనిషి ముందు నిలబెట్టాను. అతనిది నేపాల్. హిందీలో చెప్పాడు, రాజేశం నాకు తెలుగు చేశాడు. పైన కెమెరా ఉందట, లేబర్ మనిషిని నడిపించి పంపితే తన డ్యూటీ పోతుందట.

"పొద్దుగాల ముగ్గురు తెల్ల పిలగాండ్లు పోయిండ్రు గద. వాళ్ళ పెండ్లాలు డిక్కీల ఉండెనా అడుగురా."

గంగారాం పకాలున నవ్వాడు. కాపలా మనిషికీ నవ్వొచ్చింది, వెంటనే మింగాడు. "వాళ్ళు కారులో వచ్చారు, అమ్మా" అన్నాడు మెల్లగా. "మీ వాళ్ళు మీ కారులో ఉంటే నేను దించేవాడిని కాదు."

ఆ మాటతో నాకు ఐస్ పెట్టె గుర్తొచ్చింది. బోర్డు సంగతి అల్లుడికి ముందే తెలుసు. కారులో వస్తే ఆపరనీ తెలుసు. తెలిసే నా కొడుకును నేరుగా గేటు దగ్గరికి రమ్మన్నాడు.

మా దిక్కు అత్త అల్లుడి ముందు గొంతు లేపదు. అతని పక్కన కూర్చోదు, ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు జరుగుతుంది. శ్రావ్య పుట్టక ముందు నుంచీ ఆ మర్యాద నేను తప్పలేదు. ఆ రోజు జర్మన్ల కుర్చీల మధ్యకు పోయి నిలబడ్డాను.

"కారు చాబీ పట్టుకొని లెవ్వు, అల్లుడా."

"అత్తమ్మా, ఇంటికి పోయినంక మాట్లాడుదాం. మావోళ్ళు ఉన్నరు."

"మావోళ్ళు గేటు బయట ఉన్నరు."

జర్మన్లందరూ మా వైపు తిరిగారు. హెల్గా ఏమైందని అడిగింది. మొగుడు కళ్ళతో వద్దంటున్నా లావణ్య ఇంగ్లీషులో మొత్తం చెప్పేసింది. బయట కూర్చున్నది తన అన్న అని కూడా చెప్పింది. ఆ మాట అప్పటిదాకా వాళ్ళలో ఎవరికీ తెలియదట. హెల్గా ముఖం ఎర్రబడింది. ఎన్నో శుక్రవారాలు ఇక్కడికి వచ్చామనీ, ఇలా ఆపుతారని తమకు తెలియదనీ అంది. అబద్ధం అనను. ఎప్పుడూ ఆపని వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

అల్లుడు లేచాడు. ఐస్ పెట్టెను నా చేతులతో నేనే ఇసుకలోకి దించాను. ముందు సీటులో, అల్లుడి పక్కన కూర్చున్నాను. గేటు బయట ఇద్దరినీ వెనక ఎక్కించాం.

"అవ్వా, నేను నీకు ఎన్నో కొడుకును?" అన్నాడు గంగారాం.

"నోరు మూసుకుంటే రెండోవాడివి."

కారు తిరిగి గేటు దగ్గరికి వచ్చింది. అదే మనిషి, అదే కెమెరా. ఆకాశంలో ఏదో పక్షిని చూస్తున్నట్టు తల పైకెత్తి, కర్ర ఎత్తాడు.

చాప పరిచి వడ్డించాను. కూర చల్లారిపోయింది. రాజేశం నాలుగు ముద్దలు తిన్నాక అల్లుడి వైపు చూశాడు. "రావద్దని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద, బావా. నేనే రాకపోదును." అల్లుడు లేచి వెళ్ళాడు. ఐస్ పెట్టెలోంచి రెండు సోడా డబ్బాలు తెచ్చి వాడి ముందు పెట్టాడు. రాజేశం ముట్టలేదు. గంగారాం రెండూ తాగేశాడు.

తిన్నాక రాజేశం ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డాడు. "ఆరేండ్లయితున్నదవ్వా ఈ దేశం వచ్చి. సముద్రంల కాలు పెట్టుడు ఇదే ఫస్ట్" అన్నాడు. మూడింటికల్లా బండి క్యాంపులో అప్పజెప్పాలి, వెళ్ళిపోయారు.

నేను గెలిచానని శ్రావ్య అంటోంది. ఏం గెలిచాను? కన్నతల్లి చేయి పట్టుకుని నిలబెడితే కుటుంబం కాలేదు. నాలుగు చక్రాలు ఉంటే కుటుంబం అయింది. నా కొడుకులాంటి వాళ్ళు పరిచిన రాళ్ళ మీద రేపు లోకమంతా నడిచి బంతాట చూస్తుంది, వాళ్ళను మాత్రం సెలవు రోజున ఇసుక మీద నడవనివ్వరు. ఆ బోర్డు పెట్టినవాళ్ళ మీద నా కోపం చల్లారదు. బోర్డు చదవగలిగి, నోరు మూసుకున్న మనవాళ్ళ మీద అంతకంటే ఎక్కువ. అల్లుడు అప్పటి నుంచి నాతో ముభావంగా ఉన్నాడు. ఉండనీ. నేను ఇప్పుడు ముందు సీటులోనే కూర్చుంటున్నాను.

ఉత్తరానికి పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. శుక్రవారం అయితే క్యాంపులో ఉన్న మీ మనిషిని నేరుగా రమ్మనకండి. పొద్దున్నే క్యాంపుకు పోయి, వాడిని ఎక్కించుకుని, ఆ తర్వాతే షమాల్ రోడ్డు ఎక్కండి. ఐస్ పెట్టెకు జాగ లేకపోతే ఇంట్లో వదిలేయండి. నీళ్ళు దారిలో దొరుకుతాయి.