సున్నం రాసిన వేలు

కలకత్తాలో హౌరా నుంచి బాబూఘాట్ వెళ్లే లాంచీలో నా చేతిలోని తెలుగు వారపత్రిక చూసి ఒకతను పక్కన కూర్చున్నాడు. ఖిదిర్‌పూర్ డాక్‌లో కూలీ, మాట శ్రీకాకుళంది. గాయపడ్డ జంతువుల ఆశ్రమానికి మేనేజర్నని చెబితే నవ్వాడు.

"మా కూలీల ఇళ్ల లైన్లో కుక్కల గోల నేనే వదిలించినానమ్మా. మరిగే గంజి ఈపు మీద పోసినాను. ఆ గోధుమరంగుది కేకలెట్టుకుంటా పోయింది, మళ్లీ రాలేదు."

వీపంతా కాలిన ఆ కుక్కని ఖిదిర్‌పూర్ నుంచి మా ఆశ్రమానికే తెచ్చారు. పదకొండు రోజులు దాని వీపుకి మందు రాశాను. పన్నెండో రోజు నా ఒళ్లోనే పోయింది.

అప్పుడు చూశాను, అతని బొటనవేలికి సున్నం పట్టించి ఉంది. కుక్క కరిస్తే మనవాళ్లు ముందు రాసేది అదే.

"మొన్న కుక్కపిల్ల కరిసిందమ్మా. సున్నం ఎట్టేసినాను. ఇంజెక్షన్లేటీ అక్కర్లేదు కదా?"

ఒక్క మాట చెబితే చాలు. చెప్పబుద్ధి కాలేదు. పత్రికలో పేజీ తిప్పాను.

"ఏటమ్మా, పర్లేదా?"

వీణ్ణీ అనుభవించనీ అనుకున్నాను. నది దాటినంతసేపూ ఆ మౌనం నాకు హాయిగా ఉంది.

ఎర్రజెండాలు కట్టిన జెట్టీకి లాంచీ తగిలింది. జనం ఒక్కసారి లేచారు. అతను ముందుకు వెళ్లిపోయాక, "ఈరోజే ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకో" అన్నాను.

అతను తిరిగి చూసి చెయ్యి ఊపాడు. సున్నం రాసిన చెయ్యే.

విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. నేను గొంతు పెంచలేదని మాత్రం తెలుసు.